చప్పుడు కాని తలుపు

కుళాయే అయ్యుండాలి, ఎందుకంటే గడియారానికి ఇంత బద్ధకం ఉండదు, తన గుండెకి ఈమధ్య ఇంత నిదానం లేదు, పక్కింటి గోడలోంచి వచ్చే చప్పుళ్లకి ఇంత పట్టుదల లేదు. కుళాయే, వంటింటి సింకులో, ఒక బొట్టు, ఆ తర్వాత ఇక పడదేమో అనిపించేంత వ్యవధి, అలా అనిపించీ అనిపించగానే టప్పున ఇంకో బొట్టు. మనిషికి ఆశ చూపించి లెంపకాయ కొట్టడం అంటే ఇదే, అనుకున్నాడతను కళ్లు తెరవకుండానే.

కిటికీ అవతల ఇంకా బూడిదరంగే. లేవాలి. ఊరికే లేవడం కాదు, ప్రశాంతంగా లేవాలి. డాక్టరమ్మ ఆ మాట నొక్కి చెప్పింది: ఉలిక్కిపడి లేవకండి, మెలకువ వచ్చాక కాసేపు అలాగే పడుకుని, మీ అంతట మీరు లేవండి. సరే, కాసేపు అలాగే పడుకున్నాడు. ప్రశాంతత కోసం పళ్లు బిగించి, పిడికిళ్లు బిగించి, పక్క మీద కొయ్యలా పడుకున్నాడు. టప్.

లేచాడు. ఫోను ముట్టుకోలేదు, అదొక నియమం. లేవగానే గ్లాసుడు మంచినీళ్లు తాగాలి, అదింకొకటి. నీళ్ల గిన్నె మీద మూత తీస్తే కంగుమంది. పెరటి తలుపు తెరిస్తే కిర్రుమంది. కుర్చీ లాగితే గచ్చు మీద అది వేసిన కేకకి అతని వెన్ను జలదరించింది. ఆ కుర్చీలో కిటికీకి ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏమీ చెయ్యకుండా ఉండాలి. అన్నిటికన్నా కష్టమైన నియమం అదే. కూర్చున్నాడు. ఫ్రిజ్ ఒక్కసారి ఒణికి ఊరుకుంది. అల్మరా తలుపు దానంతట అదే కొంచెం తెరుచుకుని, ఏదో మర్చిపోయినట్టు మళ్లీ మూసుకుంది. పడకగది తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంది. భార్య పోయిన నాటినుంచి దాన్ని మూయలేదు. మూస్తే లోపల ఎవరో నిద్రపోతున్నట్టు ఉంటుంది.

ఆమె పోయాక ఇల్లు నోరు విప్పింది. ఇన్నేళ్లు పల్లెత్తు మాట అనని ఇల్లు, ఇప్పుడు తెల్లారకముందే మొదలుపెడుతుంది.

అతనికి చప్పుడంటే పడదు. చిన్నప్పట్నించీ అంతే. చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునే రకం. అలాంటివాడు చివరికి చెవుల ఆసుపత్రిలోనే ఉద్యోగంలో కుదురుకున్నాడు. వినికిడి పరీక్ష చేస్తాడు. గోడల నిండా స్పాంజి అతికించిన చిన్న గది, దానికి దళసరి తలుపు, దానిలో ఒక అద్దం. ఆ గదిని అందరూ బూత్ అంటారు. వచ్చినవాళ్లు లోపల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే, ఇతను అద్దానికి ఇవతల యంత్రం ముందు కూర్చుని సన్నటి కూతలు పంపిస్తాడు. వినిపిస్తే వాళ్లు చేతిలో బటన్ నొక్కాలి. కూతని తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, వాళ్లు నొక్కని చోటు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఒక్క మెట్టు పైకి రావాలి. మనిషి వినికిడి ఎక్కడ ఆగిపోతుందో ఆ అంచు పట్టుకోవడమే పని. ఆసుపత్రిలో అందరూ అతన్ని చెవుల మాస్టారు అంటారు. వాళ్ల దగ్గర గొప్పలు పోయేవాడు: "మీ బూత్ ఏం బూత్? పొద్దున్నపూట మా ఇంటికి రండి, నిశ్శబ్దం అంటే ఏంటో వినిపిస్తా."

ఒకసారి ఆమె టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చినప్పుడు బూత్ ఖాళీగా ఉంటే, రా, నీ చెవులు చూస్తానని కూర్చోబెట్టాడు. కూత తగ్గించాడు, నొక్కింది. ఇంకా తగ్గించాడు, నొక్కింది. యంత్రం ఇక తగ్గని చోటు దాకా వెళ్లాడు. అక్కడ కూడా నొక్కింది. కొంతమంది మెప్పు కోసం వినపడకపోయినా నొక్కుతారు. అలాంటివాళ్ల కోసం ఒక కిటుకు ఉంది, కూతకీ కూతకీ మధ్య వ్యవధి మారుస్తూ పోవాలి. మార్చాడు. ఖాళీలో ఆమె వేలు కదల్లేదు. కూత ఉన్నప్పుడే కదిలింది. తలుపు తెరిచి, "పిల్లి చెవులే నీవి!" అన్నాడు.

"పిల్లికి అలాంటి చెవులు ఎందుకో తెలుసా మీకు?" అంది ఆమె హెడ్‌ఫోన్లు తీస్తూ.

"ఎలకల కోసం."

"కాదండీ. ఇంట్లో ఎవరైనా లేస్తున్నారేమోనని."

ఇద్దరూ నవ్వుకున్నారు. పిల్లలు లేని ఇంట్లో నవ్వడానికి ఇలాంటి మాటలే ఉండేవి. ఆ నవ్వుని అక్కడే వదిలేసి అతను డబ్బా తెరిచాడు.

చలికాలం మొదట్లో ఆమెకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అన్నారు. పెద్దాసుపత్రిలో చేరింది, ఇంటికి రాలేదు. వచ్చిన చుట్టాలు వచ్చినట్టే వెళ్లారు. ఆ తర్వాత పొద్దున్నలు చెడిపోయాయి. మెలకువ రావడం రావడమే గుండె గుభేలుమనేది. ఏ రైలో తప్పిపోయినట్టు లేచి, ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోది వెతుక్కుంటూ, బొత్తాలు తప్పు పెట్టుకుని, ఆసుపత్రికి పరిగెత్తేవాడు. అక్కడికి వెళ్లాక పరిగెత్తాల్సిన అవసరం ఏముందో అర్థమయ్యేది కాదు. ముందు డెస్కులో కూర్చునే అమ్మాయి, "బాబాయ్, చొక్కా తిరగేసి వేసుకున్నావు" అని అతన్ని పక్కకి లాగి చెప్పేది.

అది చూసే డాక్టరమ్మ పిలిచింది. అతనికన్నా చాలా చిన్నది, కానీ ఆసుపత్రి ఆమెది.

"మాస్టారూ, నిద్ర పడుతోందా?"

"పడుతోందండీ."

"మరి పొద్దున?"

అతను చొక్కా బొత్తాలు తడిమి చూసుకున్నాడు.

"నాన్నగారు పోయినప్పుడు నాకూ ఇలాగే ఉండేది," అంది ఆమె. "రోజు సంగతి తర్వాత. ముందు పొద్దున్నపూటని ఒక దారిలో పెట్టుకోండి. తొందరపడకండి. ఒకసారి ఒకే పని. కిటికీ దగ్గర కాసేపు ఊరికే కూర్చోండి. ముఖ్యంగా, కళ్లెదురుగా ఉన్న అనవసరమైనవన్నీ తీసెయ్యండి. ఇల్లు తేలికైతే మనసు తేలికవుతుంది."

చెప్పినపని చెప్పినట్టు చేసే మనిషి అతను. ఆ ఆదివారం చొక్కా చేతులు మడిచి ఇల్లంతా దులిపాడు. అప్పుడు చూశాడు, ఆమె ఎంత చిందరవందర మనిషో. ఎక్కడ చూసినా పీలికలే. కుర్చీ కాళ్లకి పాత మేజోళ్ల ముక్కలు కట్టి ఉన్నాయి. గిన్నెల మూతల అంచులకి సైకిల్ ట్యూబు కత్తిరించిన రబ్బర్లు. అల్మరా తలుపు సందులో మడిచిన అట్టముక్క, ఫ్రిజ్ కింద అరిగిన చెప్పు ముక్క, పెరటి తలుపు బందుల దగ్గర నూనెలో నానిన గుడ్డ. కుళాయి మూతికి ఒక మురికి తాడు వేలాడుతోంది, సింకు దాకా. పాపం, దేన్నీ పారేసే మనసు లేదు దీనికి, అనుకున్నాడు. కొంచెం విసుక్కున్నాడు కూడా. అన్నీ ఊడబీకి సంచిలో వేసి, వీధి చివర పెద్ద చెత్తడబ్బాలో తనే పడేసి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మొదటిసారి వినపడింది: టప్.

మొదట దిగులు అనుకున్నాడు. దిగులుకి చప్పుడు ఉంటుందని ఎక్కడో చదివినట్టుంది కూడా. తర్వాత ఇల్లు పాతబడిందనుకున్నాడు. కుళాయి బిగించి బిగించి అరచేయి ఎర్రబడేది. కానీ వారాలు గడిచేకొద్దీ ఆ బొట్టు సింకు దాటి, వీధి దాటి, అతని వెంట బస్సెక్కి ఆసుపత్రికి వచ్చింది. బూత్ తలుపు మూసుకున్నా తలలో పడుతూనే ఉండేది. తన వేళ్లు దానికి తాళం వేస్తున్నాయని అతను గమనించలేదు.

ఆ రోజు వచ్చింది ఒక చిన్నపిల్ల. బడికి వెళ్లే వయసు, రెండు జడలు. పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ఎడమవైపు నుంచి పిలిస్తే పిల్ల పలకడం లేదని తల్లి భయపడి తీసుకొచ్చింది. పిల్ల బుద్ధిగా బటన్ పట్టుకుని కూర్చుంది. అతను కూతలు పంపాడు. పిల్ల ప్రతిసారీ నొక్కింది. ఎడమ చెవి భేషుగ్గా ఉందని రాసిచ్చాడు. తల్లి ఏడుస్తూ నవ్వింది, చేతులు జోడించింది, వెళ్లి అందరికీ చాక్లెట్లు తెచ్చి పంచింది. అతనూ ఒకటి తిన్నాడు.

డాక్టరమ్మకి అనుమానం వచ్చి మళ్లీ చేసి చూసింది. ఆ చెవికి దాదాపు ఏమీ వినపడటం లేదు. పిల్ల కూతని వినలేదు. కూతల మధ్య వ్యవధిని కనిపెట్టింది. ఒక్కలాగా, బొట్టు తర్వాత బొట్టులా పంపుతుంటే, పిల్లలకి ఆటే కదా, ఆ లెక్కకి నొక్కుకుంటూ పోయింది. కొత్తగా చేరినవాళ్లకి అతను నేర్పే మొదటి పాఠమే అది, ఒక్కలాగా పంపొద్దని. చాక్లెట్లు పంచిన తల్లిని డాక్టరమ్మ మళ్లీ లోపలికి పిలిచి తలుపు వేసింది. ఆ తలుపు అవతల నుంచి వచ్చిన ఏడుపు, అతను వినికిడి పరీక్షలు చేసిన ఇన్నేళ్లలో విన్న అన్ని చప్పుళ్లకన్నా సన్నది.

అతన్ని బూత్‌లోంచి తీసి చెవి మిషన్లకి బ్యాటరీలు అమ్మే కౌంటర్లో కూర్చోబెట్టారు. డాక్టరమ్మ కోప్పడలేదు, కోప్పడినా నయంగా ఉండేది. "సోమవారం పొద్దున ఒక పరీక్ష చేద్దురుగాని మాస్టారూ. నేను పక్కన కూర్చుంటా. చెయ్యి నిలిస్తే బూత్ మీది. లేకపోతే ఇక్కడే ఉండిపోదురుగాని, ఇక్కడ తొందరేమీ ఉండదు." ఆమె మంచికే అంది. కానీ బూత్ లేకపోతే తను ఎవరు? ఇంట్లో ఒకరికి మొగుడు, ఆసుపత్రిలో ఒక అద్దం ముందు మనిషి. మొదటిది పోయింది.

రేపే సోమవారం. కుర్చీలో కూర్చుని అతను సింకు వైపు చూశాడు. టప్.

బయట చెప్పులు విడిచిన చప్పుడు, ఆ వెంటనే గొంతు. "బావా! ఉన్నావా, ఇల్లు నిన్ను మింగేసిందా?"

మరదలు. భార్య చెల్లెలు. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే కొట్టు ఉంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగల మనిషి. అక్క పోయాక ఈ ఇంటి గడప తొక్కలేదు; ఇతనూ అడగలేదు, అక్క లేని ఇల్లు చూడలేకే రాలేదని అతనికి తెలుసు.

"అక్క కుట్టుపెట్టె పట్టుకెళ్దామని," అంది లోపలికి వస్తూ. అతని మొహం చూసి, "ఏంటా కళ్లు? రాత్రి దొంగతనానికి వెళ్లావా?"

"ప్రశాంతంగా ఉండటం నేర్చుకుంటున్నా."

"అబ్బో! ఎవరు నేర్పిస్తున్నారో గానీ ఫీజు వెనక్కిచ్చెయ్యమను." చేతిసంచి కిందపడేసి కుర్చీ లాక్కుంది. కుర్చీ కేక పెట్టింది. ఆమె ఉలిక్కిపడి కుర్చీ వైపూ, అతని వైపూ చూసింది. "ఇదేం ఇల్లు బావా, కమ్మరి కొలిమా?"

"టీ పెట్టుకుందామా?"

"నువ్వు కూర్చో. నువ్వు పెట్టిన టీ తాగి ఆరోగ్యం పాడుచేసుకునే ఓపిక నాకు లేదు."

వంటింట్లో మూత కంగుమంది. "అయ్యయ్యో" అంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. పొయ్యి వెలిగించినట్టు లేదు. బొట్టు పడింది. ఇంకోటి పడింది.

"బావా," అంది లోపల్నించి, గొంతు మారిపోయి. "తాడేదీ?"

"ఏ తాడు?"

"కుళాయికి ఉండేది."

"ఓ, అదా. ఏదో మురికి పీలిక వేలాడుతుంటే తీసి పారేశా."

ఆమె గుమ్మంలోకి వచ్చింది. "మూతలకి రబ్బర్లు?"

"అవీ."

"కుర్చీ కాళ్లకి మేజోళ్లు, తలుపు సందులో అట్ట?"

"అన్నీ పారేశా. డాక్టరమ్మ చెప్పింది, అనవసరమైనవన్నీ తీసెయ్యమని."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. "అనవసరమైనవి!" అంటూ గుమ్మం పట్టుకుని నవ్వింది, చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, నవ్వు ఎక్కడ ఏడుపైందో అతనికి తెలియలేదు. చెవుల మాస్టారికి ఆ అంచు కూడా చిక్కలేదు.

"ఆ కుళాయి ఇవాళ కొత్తగా కారడం లేదు బావా. మీరు ఈ ఇంట్లోకి వచ్చినప్పట్నించీ కారుతూనే ఉంది. ఎన్ని వాషర్లు మార్పించిందో. చివరికి నా కొట్టుకొచ్చి బట్ట అంచు ముక్క పట్టుకెళ్లి కట్టింది. నీళ్లు దాని మీదుగా పాక్కుంటూ దిగిపోతాయి, చప్పుడు ఉండదు. నల్లబడగానే మళ్లీ వచ్చేది, ఇంకో ముక్క ఇవ్వమని. నేను ఏడిపించేదాన్ని, మీ ఆయనకి ఉయ్యాల కడుతున్నావా అని."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"చెబితే నీకు వినపడుతుంది కదా," అంది. ఎగతాళిగానే అంది, కానీ అతనికి ఎక్కడో తగిలింది. "పెళ్లయిన కొత్తలో పొద్దున్నే గిన్నె మూత జారి పడిందట. నువ్వు వారం రోజులు మాట్లాడలేదట."

"నేనా? నేను ఒక్కసారి కూడా అరవలేదు దాని మీద!"

"అరవలేదనే చెప్పింది. అరిచినా బాగుండేది అంది. నువ్వు ఊరుకున్నావు. వారం రోజులు, ఇంత మొహం పెట్టుకుని."

అతను వెతికాడు. నిజాయితీగా వెతికాడు, లోపలున్న గదులన్నీ తెరిచి. కొత్తకాపురం, ఎదురుగా నీలిరంగు గోడ, ఆమె తడిజుట్టు, అన్నీ ఉన్నాయి, మూత లేదు. వారం లేదు. ఒక మనిషి జీవితాన్నంతా వంచిన చప్పుడు అతని జ్ఞాపకంలో అసలు పడనే లేదు. ఏమీ గుర్తులేకపోవడం ఇంత బరువుగా ఉంటుందని అతనికి తెలియదు.

"అంటే ఇన్నేళ్లూ నాకు భయపడి..."

"ఆగు. అంత జాలిపడకు, మా అక్క నవ్వుతుంది." ఆమె కళ్లు తుడుచుకుని కుర్చీని ఈసారి ఎత్తి పెట్టి కూర్చుంది. "మొదట్లో భయపడే చేసింది. తర్వాత అలా కాదు. నీకన్నా ముందు లేచేది చూడు, ఆ గంట దానిది. నువ్వు లేస్తే అది అయిపోయినట్టే. అందుకని నిన్ను లేపకుండా చూసుకునేది. నీ నిద్ర కోసం అనుకుంటున్నావు నువ్వు. నీ నిద్రని గుప్పిట్లో పెట్టుకుని అది తన పొద్దున్న తను చూసుకుంది."

"ఏం చేసేది ఆ గంటలో?"

"నేనూ అడిగా. ఏమీ చెయ్యను, కూర్చుంటాను అంది. కూర్చుని ఏం చేస్తావే అంటే, కుట్టుమిషన్ ముందు తప్ప ఎక్కడా కూర్చోనిదానివి, నీకు చెబితే ఏం అర్థమవుతుంది అంది."

"ఏదైనా ఆలోచించుకునేదేమో. మా గురించి. నా గురించి."

"నీ గురించి అయితే ప్రత్యేకంగా గంట ఎందుకు బావా, రోజంతా ఉందిగా."

అతను తల దించుకున్నాడు. దుఃఖంలో అసూయ కూడా ఉంటుందని అతను అనుకోలేదు. డాక్టరమ్మ చెప్పిన ప్రశాంతమైన పొద్దున్న ఈ ఇంట్లో రోజూ జరిగింది, పాతికడుగుల దూరంలో, గోడ అవతల. తను దాని పక్కనే గుర్రు పెట్టి నిద్రపోయాడు. అందులోకి తనని ఒక్కనాడు పిలవలేదు. పిలిస్తే అది ఉండేది కాదు, అదీ నిజమే.

"తలుపు సంగతి తెలుసా?" అంది మరదలు కొంచెం మెత్తబడి. "మీ పడకగది తలుపు మూస్తే టక్కుమంటుందట. ఆ తాళం నాలుక పడేటప్పుడు. అందుకని దాని మీద వేలు అదిమి పెట్టి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా వేలు లాక్కునేది. ప్రతిరోజూ ఆ నాలుక వేలిని కొరికేది. ఈ వేలు చివర," తన చూపుడువేలు చూపించింది, "గట్టిగా, గోధుమరంగులో కాయ కాసింది. నువ్వు చూడలేదూ?"

చూశాడు. చాలాసార్లు చూశాడు. కూరగాయల కత్తి అనుకున్నాడు. ఆసుపత్రిలో చివరి సాయంత్రం ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ కాయ మీదే తన బొటనవేలితో రాస్తూ ఉన్నాడు. ఆమె కళ్లు మూసుకునే కొంచెం నవ్వింది. చక్కిలిగింత అనుకున్నాడు.

మరదలు సంచిలో వెతికి ఒక బట్ట అంచు ముక్క తీసింది, సన్నగా, తెల్లగా. "లే. ఈసారికి ఇది కట్టిపోతా. తర్వాత ఏ మేస్త్రీనైనా పిలిచి కుళాయి మొత్తం మార్పించుకో."

"ఇలా ఇవ్వు. నేను కడతా."

మొదట మరీ బిగించాడు. బొట్టు ముడి దగ్గర ఆగి, ఉబ్బి, పక్కకి దూకి టప్పుమంది. "పీక పిసికేస్తావేంటి దాన్ని?" అంది ఆమె పక్కన నిలబడి. "నీళ్లు నడవాలి. వదులుగా పెట్టు. కింద కొస సింకుకి తగలాలి, వేలాడకూడదు." మళ్లీ విప్పి కట్టాడు. బొట్టు కుళాయి మూతి దగ్గర తయారైంది. కాసేపు తటపటాయించింది. తర్వాత బట్ట మీదకి ఒరిగి, దాన్ని తడుపుకుంటూ కిందికి దిగి, ఎక్కడికి పోయిందో తెలియకుండా పోయింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఇంకోటి. అదీ అలాగే.

ఇల్లు నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో ఇద్దరూ ఎటు చూడాలో తెలియక నిలబడ్డారు, ఆమె ఇప్పుడే గదిలోంచి వస్తుందన్నట్టు.

కుట్టుపెట్టె చంకన పెట్టుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది మరదలు. "రేపు నీకేదో పరీక్ష అట. ముందు డెస్కు పిల్ల కొట్టుకొచ్చి చెప్పింది."

"ఊరందరికీ తెలుసన్నమాట."

"నీ చెవిలో తప్ప అన్ని చెవుల్లో పడింది," అంది. తర్వాత, కిందికి చూస్తూ, "చెప్పులు ఒకే జతవి వేసుకుని వెళ్లు బావా."

సోమవారం అతనికి మెలకువ దానంతట అదే వచ్చింది. గుండె గుభేలుమనలేదు. కిటికీ అవతల బూడిదరంగు. బొట్టు కోసం చెవులు రిక్కించాడు, రాలేదు. రాదని తెలిశాక కూడా చాలాసేపు వింటూ ఉన్నాడు. ఎవరికోసం ఈ నిశ్శబ్దం? ఆమె దీన్ని తన కోసం చేసుకుంది, అతని నిద్రతో చేసుకుంది. ఇప్పుడు నిద్రపోయేవాళ్లు లేరు, కాపలా కాయాల్సిన గంటా లేదు. అయినా ఇల్లు ఊరుకుంది, పాత అలవాటు కొద్దీ.

లేచి పక్క అంచున కూర్చున్నాడు. ఈమధ్య ఆమె వైపున పడుకుంటున్నాడు, తలుపుకి దగ్గరగా ఉండే వైపు. ఎప్పుడు ఇటు జరిగాడో గుర్తులేదు. వెనక్కి తిరిగి తన వైపు చూశాడు. దుప్పటి ముడతలు పడి, దిండు మీద పాత గుంట, అక్కడ ఒక బరువైన మనిషి గోడవైపు తిరిగి ఒళ్లు మర్చిపోయి నిద్రపోతున్నట్టే ఉంది. ఆ మనిషికి ఏమీ తెలియదు. లేస్తే మొహం మాడ్చుకుంటాడు. ఎందుకు మాడ్చుకున్నాడో వారం తర్వాత మర్చిపోతాడు. అతని మీద కోపం రావాలి. కానీ ఆమెకి ఏళ్ల తరబడి ఈ చీకట్లో, ఇదే చోట కూర్చుని ఆ వీపుని చూసినప్పుడు ఏం అనిపించేదో, దానిలో కోపం ఎంతో, మిగిలినదేమిటో, అది మాత్రం ఏ యంత్రానికీ అందదు.

మెల్లగా నిలబడ్డాడు. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. కాళ్లు గచ్చు మీద ఆనించి, మడమ తర్వాత వేళ్లు, గది దాటి వచ్చాడు. వంటింటి కిటికీ ముందు కుర్చీ ఖాళీగా కనిపిస్తోంది. అక్కడ కూర్చోవడానికి ఇంకా సమయం ఉంది. ఆసుపత్రికి, డాక్టరమ్మకి, అద్దానికి ఇంకా సమయం ఉంది.

గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు. బార్లా తెరిచిన తలుపు రెక్కని పట్టుకుని దగ్గరికి తెచ్చాడు. తాళం నాలుక మీద చూపుడువేలు పెట్టి అదిమాడు. ఇనుము చల్లగా ఉంది. తలుపు చట్రాన్ని తాకేదాకా తెచ్చి, వేలు కొంచెం కొంచెంగా లాక్కున్నాడు. అది కొరికింది, అనుకున్నదానికన్నా గట్టిగా. అతను పెదవి బిగించి, ఊపిరి ఆపి, చివరిదాకా లాక్కున్నాడు.

తలుపు మూసుకుంది. లోపల ఎవరూ లేవలేదు.